ఉడుత పిల్లకు పొలమారితే

చెన్నపట్నంలో ఉడుత లేని వీధి లేదంటే అతిశయోక్తి కాదు. మాంబళంలోనూ మైలాపూరులోనూ మిగిలి ఉన్న పాత ఇళ్ల పెరళ్లలో జామచెట్టు మీద, వేపచెట్టు మీద అది కాపురం చేస్తుంది. పెరళ్లు పోయి మేడలు లేచినచోట కిటికీ పైనున్న సన్‌షేడు మీద, ఏ.సి. యంత్రం వెనుక సందులో, మీటరు పెట్టె చాటున గూడు కడుతుంది. కొబ్బరిపీచు, దిండులోని దూది, ఆరవేసిన గుడ్డల పీలికలు, ఇవన్నీ దాని ఇంటికి సామగ్రి. అందులోనే కళ్లు తెరవని, వెంట్రుకలు మొలవని పిల్లలను రెంటినో మూడింటినో పెంచుతుంది.

ఉడుత అంటే మనవాళ్లకు మొదటినుంచీ ఒక మమకారం. వారధి కట్టేవేళ అది ఇసుక మోసిన కథ వాల్మీకంలో లేదు. మన తెలుగువారి రంగనాథ రామాయణంలో ఉన్నది. తమిళంలో తొండరడిప్పొడి ఆళ్వారు తమ తిరుమాలైలో దానిని తలచుకున్నారు. శ్రీరాముని చేతివ్రేళ్ల గుర్తులని మనం చెప్పుకొనే గీతలు ఈ దక్షిణాది జాతికి మూడు. ఉత్తరాది జాతికి అయిదు. ఉడుతాభక్తి అన్న మాట మన ఇళ్లలో వినపడని రోజుండదు. అందుచేతనే చెట్టు క్రింద ఒక ఉడుత పిల్ల పడి కనిపిస్తే ఎవరికీ దాటిపోవడానికి కాళ్లాడవు. వెంటనే చేతుల్లోకి తీసుకుంటాము. వెంటనే లోపలికి తెస్తాము. వెంటనే పాలు పడతాము.

ఆ మూడవ ‘వెంటనే’ దగ్గరనే వచ్చింది చిక్కు. అంత ఎత్తు నుంచి పడి బ్రతికిన పిల్ల, మనం ప్రేమతో పోసిన నాలుగు పాలచుక్కలతో చనిపోవడం అరుదైన సంగతి కాదు. దానికి కారణం మన ఇళ్లలో అందరికీ తెలిసిన మాటలోనే ఉన్నది. పొలమారడం.

పొలమారడమంటే

అన్నం తింటూ మాట్లాడితే మనకు పొలమారుతుంది. ఎవరో తలచుకుంటున్నారని నెత్తిమీద తట్టి మంచినీళ్లిస్తారు. నాలుగు దగ్గులు దగ్గితే సర్దుకుంటుంది. అన్నవాహికలోకి పోవలసిన మెతుకు గాలిగొట్టం వైపు తిరిగితే, శరీరం దానిని దగ్గుతో బయటికి నెట్టివేస్తుంది. అరచేతిలో సగం కూడా ఉండని ఉడుత పిల్లకు అంతటి దగ్గు ఎక్కడిది? దాని గాలిగొట్టం సన్నని దారమంత. ఒక్క చుక్క పాలు అందులోకి జారితే ఆ దారి సగం మూసుకుపోయినట్లే. ఆ చుక్క ఊపిరితిత్తిలో చేరి అక్కడే నిలిచిపోతుంది. పాలలో సూక్ష్మజీవులు ఎంత త్వరగా పెరుగుతాయో మనకు తెలియనిది కాదు. ఒకటి రెండు రోజులలో ఊపిరితిత్తి వాచి న్యుమోనియాగా మారుతుంది.

ఈ జబ్బులో మోసం ఇక్కడున్నది. పొలమారిన క్షణంలో పిల్ల తుమ్మినట్లు చేసి, ముక్కులోంచి ఒక పాలబుడగ వచ్చి, మళ్లీ మామూలుగా పడుకుంటుంది. ఇంటిల్లిపాదీ గండం గడిచిందనుకుంటారు. ఆ రాత్రి బాగానే ఉంటుంది. మరునాడో, ఆ మరునాడో పాలు వద్దంటుంది. అప్పటికి మనం పాలు పట్టిన సంగతీ, బుడగ వచ్చిన సంగతీ మరచిపోయి, చలిగాలి తగిలిందనో దిష్టి తగిలిందనో అనుకుంటాము.

మన అమ్మమ్మలు పసిపిల్లను కాళ్లమీద వెల్లకిలా పడుకోబెట్టుకొని ఉగ్గుగిన్నెతో పాలు పట్టేవారు. తమిళుల ఇళ్లలో పాలాడై ఉన్నది. ఆ చేతివాటం ఎరిగినవారు ఉడుత పిల్లనూ అలాగే వెల్లకిలా పట్టుకోవడం సహజమే. కాని ఉడుత పిల్ల తల్లి దగ్గర పాలు త్రాగేది బోర్లా పడుకొని. వెల్లకిలా వేసి పాలు పోస్తే అవి నేరుగా గాలిగొట్టం వైపు జారడానికి మనమే దారి చూపినట్లవుతుంది.

పాలకన్నా ముందు వెచ్చదనం

కాబట్టి దొరికిన పిల్లకు మొదట చేయవలసినది పాలు పట్టడం కాదు; ఒళ్లు వెచ్చబరచడం. వెంట్రుకలు లేని పిల్ల తన వెచ్చదనాన్ని తాను కాపాడుకోలేదు. తడిసి, చల్లబడిన పిల్లకు మ్రింగే శక్తి సరిగా ఉండదు. కడుపులో పడిన పాలు అరగవు. మ్రింగలేని నోట్లో పోసిన పాలు ఎటు పోతాయో పైన చెప్పుకున్నాము.

చెప్పులు కొన్న అట్టపెట్టె ఒకటి తీసుకొని, గాలికి నాలుగు బెజ్జాలు పొడిచి, మెత్తని పాత పంచెగుడ్డ మడతలు పెట్టి పరచాలి. దారాలు లేచిన తువ్వాలు గాని, విడి దూది గాని పనికిరావు. ఆ దారాలు గోళ్లకూ వ్రేళ్లకూ చుట్టుకుంటాయి. ఒక సీసాలో వేడినీళ్లు పోసి, గుడ్డ చుట్టి, పెట్టెలో ఒక మూలనే ఉంచాలి. రెండవ మూల చల్లగా ఉంటే, వేడి ఎక్కువైనప్పుడు పిల్ల తానే అటు జరుగుతుంది. మే నెల ఎండల్లో ఈ పట్నంలో అతివేడి కూడా ప్రాణాంతకమే కనుక ఈ జాగ్రత్త అవసరం. పంకా క్రింద, ఏ.సి. గదిలో ఉంచరాదు. చేత్తో తాకితే మన ఒంటివలె గోరువెచ్చగా తగలాలి. అదే కొలత.

వెచ్చబడిన తరువాత నీరు. వీపు మీది చర్మాన్ని మెల్లగా పట్టి వదిలితే వెంటనే సర్దుకోకుండా ముడతగా నిలిచిపోయిందంటే ఒంట్లో నీరు తగ్గిందన్నమాట. విరేచనాలకు మనం వాడే ఓ.ఆర్.ఎస్. పొడిని, ఏ రుచీ కలపనిదానిని, పొట్లం మీద చెప్పినంత నీటిలో కలిపి, గోరువెచ్చగా చేసి, చుక్క చుక్కగా పట్టవచ్చును. పాలు ఆ తరువాతి మాట.

పాలు పట్టే తీరు

ఆవుపాలు, పాకెట్ పాలు ఉడుత పిల్లకు సరిపడవు. ఉడుత జాతి తల్లిపాలలో కొవ్వూ మాంసకృత్తులూ చాలా ఎక్కువ. పాలలో ఉండే చక్కెర తక్కువ. ఆవుపాలలోని చక్కెర వాటికి అరగక కడుపు ఉబ్బుతుంది, విరేచనాలవుతాయి. విరేచనాలతో నీరసించిన పిల్ల సరిగా మ్రింగలేదు. మ్రింగలేని పిల్లకు పొలమారుతుంది. కడుపులో మొదలైన చిక్కు ఈ విధంగా ఊపిరితిత్తికి చేరుతుంది. కుక్కపిల్లలకు, పిల్లిపిల్లలకు అమ్మే పాలపొడి దీనికి మేలు. ఏది ఎంత పలుచగా కలపాలో పశువైద్యుని అడిగి తెలుసుకోవాలి.

పట్టడానికి చెంచా, ఇంకు ఫిల్లరు, ఉగ్గుగిన్నె ఏవీ వద్దు. సూది తీసివేసిన 1 మిల్లీలీటరు సిరంజి కావాలి. దాని మీద గీతలుంటాయి కనుక ఎంత పోతున్నదో కంటికి తెలుస్తుంది. పిల్లను గుడ్డలో చుట్టి, బోర్లా ఉంచి, తల కొంచెం పైకి, ముక్కు కొంచెం క్రిందికి ఉండేటట్లు పట్టుకోవాలి. సిరంజి కొసను పెదవి ప్రక్కన ఆనించి ఒక చుక్క వదలాలి. అది మ్రింగిన తరువాతనే రెండవ చుక్క. ఆకలిగొన్న పిల్ల సిరంజిని రెండు చేతులా పట్టుకొని ఆత్రంగా గుంజుతుంది. చూడ ముచ్చటగానే ఉంటుంది. పొలమారేది సరిగ్గా అప్పుడే. దాని ఆత్రం మనకు అంటుకోకూడదు.

ఒక్కసారికి ఎంత? పిల్ల బరువులో నూటికి 5 వంతులు మించకూడదన్నది అనుభవజ్ఞులు చెప్పే లెక్క. 20 గ్రాముల పిల్ల అయితే ఒక పూటకు 1 మిల్లీలీటరు. వంటింట్లో వాడే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు మీద రోజూ ఒకే వేళకు తూచి, కాగితం మీద వ్రాసి పెట్టుకోవాలి. పెరుగుతున్న బరువు ఆరోగ్యానికి మొదటి గుర్తు. ఒక రోజు తగ్గిందంటే ఏదో మొదలైందన్నమాట. వెంట్రుకలు లేని పిల్లకు రెండు గంటలకొకసారి, కొంచెం పెరిగినదానికి మూడు నాలుగు గంటలకొకసారి పాలు కావాలి. పాలు పట్టిన ప్రతిసారీ గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో క్రింది భాగాన్ని మెల్లగా తుడిస్తేనే అది మూత్రం పోస్తుంది. తల్లి నాకి చేసే పని అది; మనం దూదితో చేయవలసి ఉన్నది.

ముక్కులో పాలబుడగ కనిపించిందా, ఆ క్షణమే ఆపివేయాలి. తల క్రిందికి వంచి, ముక్కు మీది పాలను గుడ్డ కొసతో అద్ది తీసివేయాలి. ఊపిరి మామూలయ్యే వరకు ఇక ఒక్క చుక్క కూడా పట్టరాదు. అది జరిగిన రోజును కూడా కాగితం మీద వ్రాసుకోవాలి. డాక్టరుకు ఆ ఒక్క వాక్యం ఎంతో పనికివస్తుంది.

జబ్బు గుర్తులు

ఎలుక, ఉడుత జాతి ప్రాణులు ముఖ్యంగా ముక్కుతోనే ఊపిరి తీసుకుంటాయి. అందుచేత మనకు వట్టి పడిశంగా తోచేది వాటికి పెద్ద జబ్బు. ముక్కు మూసుకుపోయిన పిల్ల పాలు చీకలేదు. చీకడానికి నోరు వాడితే ఊపిరి ఆడదు. నోరు తెరిచి ఊపిరి పీలుస్తున్న ఉడుత పిల్ల ఆపదలో ఉన్నదని తెలుసుకోవాలి.

అంతవరకు రాకముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. పిల్లను చెవి దగ్గర పెట్టుకొని వినండి. ఊపిరి తీసిన ప్రతిసారీ టిక్కు టిక్కుమని సన్నని చప్పుడు వినవస్తే ఊపిరితిత్తిలో తేమ చేరినట్లు. పసిపిల్లలలో మనం పిల్లికూతలు అంటామే, అటువంటిది. ఆకలికి కిచకిచలాడే అరుపు వేరు. అది పాలు పట్టగానే ఆగిపోతుంది. ఈ చప్పుడు నిద్రలోనూ ఆగదు. తరువాతి గుర్తు డొక్కలు ఎగురవేయడం. ఊపిరితో పాటు ఒళ్లంతా ఊగడం, తోక కూడా కదలడం చూస్తాము. ముక్కు చివర, చిగుళ్లు గులాబీరంగు పోయి పాలిపోవడమో నీలంగా మారడమో ఇంకా ముదిరిన లక్షణం. నిన్నటి దాకా సిరంజి కోసం ఎగబడిన పిల్ల ఇవాళ ముఖం త్రిప్పుకుంటే, మిగిలిన గుర్తుల కోసం వేచి ఉండకుండా డాక్టరు దగ్గరకు బయలుదేరడం మంచిది. ఇంత చిన్న ప్రాణికి ఒక పూట ఆలస్యం మనకు వారం రోజులతో సమానం.

అన్ని న్యుమోనియాలకూ పాలే కారణమని అనలేము. వానలో తడిసి చల్లబడిన పిల్లకు పాలు తగలకుండానే రావచ్చును. కుక్కలకు దగ్గు తెప్పించే బోర్డెటెల్లా అనే సూక్ష్మజీవి ఎలుక, ఉడుత జాతులకు కూడా సోకగలదు. కాబట్టి ఇంట్లో పెంపుడు కుక్క ఉంటే ఉడుత పిల్లను వేరే గదిలో ఉంచి, చేతులు కడుక్కున్న తరువాతనే ముట్టుకోవాలి. రెండు మూడు పిల్లలున్నప్పుడు ఒకదానికి జబ్బు చేస్తే దానిని వేరుచేయాలి. ఒకరికి వాడిన సిరంజి మరొకరికి వాడకూడదు.

వైద్యం

జబ్బు కనిపించిన తరువాత ఇంటివైద్యానికి తావు లేదు. డాక్టరు పిల్లను గ్రాములలో తూచి, దానికి తగిన యాంటీబయాటిక్ ఇస్తారు. మన ఇంట్లో మిగిలిపోయిన పిల్లల సిరపు ఒక చుక్క వేద్దామనుకోవడం ప్రమాదం. మనిషి మోతాదుకూ 20 గ్రాముల ప్రాణి మోతాదుకూ పోలిక లేదు. పైగా కొన్ని యాంటీబయాటిక్‌లు ఎలుక జాతి ప్రాణుల పేగులలోని మేలుచేసే సూక్ష్మజీవులను చంపి, జబ్బు కన్నా ముందు ప్రాణం తీయగలవు. ఆయాసం ఎక్కువగా ఉన్నప్పుడు నోటి ద్వారా వేసిన మందే పొలమారవచ్చును కనుక డాక్టరు సూదిమందు ఎంచుకోవచ్చు. అవసరమైతే ప్రాణవాయువు పెడతారు, నెబ్యులైజరుతో ఉప్పునీటి ఆవిరి పడతారు, చర్మం క్రింద సెలైను ఎక్కిస్తారు. రెండు రోజులకే పిల్ల చురుకుగా కనిపించినా మందు చెప్పినన్ని రోజులూ వాడవలసిందే. మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

ఊపిరి ఆడని పిల్లకు ఇంట్లో మనం చేయగలిగినది మూడు పనులు. వెచ్చగా ఉంచడం, చప్పుడు లేని చీకటి మూలలో ఉంచడం, బలవంతాన ఏదీ పట్టకపోవడం. ఊరికే చేతుల్లోకి తీసుకొని నిమరడం కూడా దాని గుండెకు భారమే.

చేయకూడనివి ఇంకా కొన్ని ఉన్నవి. జలుబుకు మనం రుద్దుకొనే విక్స్, కర్పూరం, నీలగిరి తైలం ఆ చిన్న ముక్కుకు మంటపెట్టేవే గాని మేలుచేసేవి కావు. చలికి రెండు చుక్కల బ్రాందీ అనే పాత సలహా విన్నవారుంటే దానిని మరచిపోవాలి. శుక్రవారం సాంబ్రాణి పొగ, దోమల కాయిల్, ఫినాయిలు వాసన ఆ గదిలోకి రాకూడదు. మూత్రంతో తడిసిన గుడ్డను ఎప్పటికప్పుడు మార్చాలి. దానినుంచి లేచే అమోనియా ఘాటు ఊపిరిగొట్టాన్ని ఒరిపిడి పెట్టి జబ్బుకు దారి తీస్తుంది.

మన పట్నం, దాని కాలాలు

అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనం మన ఊరికి వాన తెస్తుంది. దక్షిణాది ఉడుత ఏడాది పొడుగునా పిల్లలు పెడుతుంది కనుక ఆ వానలలో కూడా గూళ్లలో పసిపిల్లలుంటాయి. 2016 డిసెంబరు 12న వర్ధా తుపాను దాటిననాడు ఈ నగరంలో వేలాది చెట్లు కూలిపోయాయి. ఒక్కొక్క చెట్టుతో ఎన్ని గూళ్లు నేలకు వచ్చి ఉంటాయో ఊహించుకోవచ్చును. దీపావళి మందుల పొగ ఈ తడి రోజులలోనే వస్తుంది. తరువాత జనవరిలో భోగి. 2018 జనవరి 13న భోగిమంటల పొగ మంచుతో కలిసి విమానాల రాకపోకలకే అడ్డుపడింది. విమానానికే దారి కనపడని పొగలో దారమంత గాలిగొట్టం గల ప్రాణి సంగతి చెప్పనక్కరలేదు. ఆ రెండు మూడు రోజులూ ఇంట్లో ఉడుత పిల్ల ఉన్నవారు కిటికీలు మూసుకోవడం అవసరం.

సహాయం విషయంలో మన ఊరు అదృష్టం చేసుకున్నది. వేపేరిలోని మద్రాసు పశువైద్య కళాశాల 1903లో పుట్టింది. 1952లో రాజ్యసభకు నియమితులైన కళాక్షేత్రం రుక్మిణీదేవి అరండేల్ మూగజీవుల పక్షాన బిల్లు తెచ్చి వాదించిన ఫలితంగానే 1960లో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. ఆ చట్టం క్రింద 1962లో ఏర్పడిన జంతు సంక్షేమ మండలికి ఆమే తొలి అధ్యక్షురాలు. కెప్టెన్ వి. సుందరం గారు 1959లో ఇక్కడ ప్రారంభించిన బ్లూ క్రాస్ సంస్థ నేటికీ పని చేస్తున్నది. ఉడుత అడవిప్రాణి కనుక అటవీశాఖ వారికి తెలియజేయడం కూడా మన బాధ్యత. పట్నంలో ఇన్ని దారులుండగా, తెలిసీ తెలియని వైద్యం మనమే చేయవలసిన అగత్యం లేదు.

తల్లి ఉన్నది

ఇంత చెప్పిన తరువాత అన్నిటికన్నా సులభమైన వైద్యం ఒకటి మిగిలి ఉన్నది. దెబ్బ తగలని, జబ్బు లేని పిల్లను తల్లికే అప్పగించడం. మనిషి చేయి సోకితే తల్లి వదిలివేస్తుందన్నది వట్టి అపోహ. పిల్లను మొదట వెచ్చబరచి, గుడ్డ పరచిన చిన్న బుట్టలో ఉంచి, పడిన చెట్టుకే పిల్లులకూ కాకులకూ అందని ఎత్తున కట్టి, మనం దూరంగా వచ్చివేయాలి. ఉడుత పగటిపూట తిరిగే ప్రాణి. చీకటి పడేలోగా తల్లి వచ్చి పిల్లను నోట కరచుకొని మరొక గూటికి తీసుకుపోవచ్చు. చీకటి పడినా రాకపోతేనే ఆ పిల్ల భారం మనది. పిల్లి నోట చిక్కిన పిల్ల మాత్రం పైకి గాయం కనపడకపోయినా డాక్టరు దగ్గరకే పోవాలి. పిల్లి పంటిలోని సూక్ష్మజీవులు చాలా చెడ్డవి.

పెంచి పెద్దచేసిన పిల్ల కూడా చివరకు చెట్టుకు చేరవలసినదే. అది మన భుజమెక్కి తిరిగే రోజులు ముద్దుగానే ఉంటాయి గాని, పంజరంలో ఉండిపోయే బ్రతుకు దానిది కాదు. తినడం, ఎక్కడం, కాకిని చూసి దాక్కోవడం నేర్చిన తరువాత మెల్లమెల్లగా వదిలివేయాలి.

ఉడుత పిల్లలను ఇంటికి తెచ్చేవారు సాధారణంగా మన పిల్లలే. వాళ్ల చేతుల్లోంచి దానిని విసిరివేయించకండి, కసరకండి. మొదట వెచ్చదనం, తరువాత నీరు, ఆ తరువాతనే పాలు, అదీ చుక్క చుక్కగా అని ఈ వరుసను మాత్రం వాళ్లకు కంఠతా చేయించండి. వానకాలం వచ్చేలోగా ఒక సిరంజి, ఒక ఓ.ఆర్.ఎస్. పొట్లం, దగ్గరలోని పశువైద్యుని ఫోను నంబరు ఇంట్లో సిద్ధంగా ఉంచుకుంటే, చెట్టు క్రింద దొరికిన పిల్ల తిరిగి చెట్టెక్కడానికి అవకాశం ఉంటుంది.